సర్టిఫికెట్టే కదా అని తేలిగ్గా తీసుకోకండి!

బయోఇన్ఫర్మేటిక్స్‌లో గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ చేయాలనుకునేవాళ్లను అమెరికా యూనివర్సిటీలు ఏమేం అడుగుతాయి? అప్లికేషన్ ఫీజు కట్టేముందు ఏ లైన్లు రెండుసార్లు చదవాలి?

"అక్కా, నాది బీఎస్సీ బీజడ్‌సీ. కోడింగ్ రాదు. నాకు సీటిస్తారా?"

"మేడమ్, నేను బీటెక్ సీఎస్‌ఈ. బయాలజీ టెన్త్‌తోనే వదిలేశా. అప్లై చేయొచ్చా?"

"అక్కా, జీఆర్‌ఈ లేకుండా అమెరికా వెళ్లిపోవచ్చట కదా, నిజమేనా?"

అడ్మిషన్ల సీజన్ మొదలైతే చాలు, నా ఫోన్‌లో ఇలాంటి మెసేజ్‌లు క్యూ కడతాయి. నేను హైదరాబాద్‌లో జీనోమ్ డేటాని విశ్లేషించే ఉద్యోగం చేస్తున్నాను. నేనూ బైపీసీ బ్యాచే. బయోకెమిస్ట్రీ చదువుకుని, ఆ తర్వాత కోడింగ్‌లోకి వచ్చినదాన్ని. అందుకే మా కాలేజీ జూనియర్లు, వాళ్ల ఫ్రెండ్స్, ఆ ఫ్రెండ్స్ కజిన్స్ కూడా నన్నే అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే ఒక్కసారి వివరంగా రాసేస్తే పోతుంది కదా అనిపించింది.

ఈ కోర్సు అడ్మిషన్ పేజీ చూడ్డానికి చాలా చిన్నగా ఉంటుంది. డిగ్రీ, మార్కులు, ఇంగ్లిష్ స్కోరు, రెండు లెటర్లు... అంతే! కానీ ఒక్కో లైను వెనక ఒక్కో కథ ఉంది. ఆ కథ తెలీకపోతే పోయేది అప్లికేషన్ ఫీజు ఒక్కటే కాదు.

అసలు ఏమిటీ బయోఇన్ఫర్మేటిక్స్?

మన ఒంట్లోని డీఎన్‌ఏ నాలుగక్షరాల భాష. ఎ, సి, జి, టి. ఈ నాలుగే మళ్లీ మళ్లీ వస్తూ దాదాపు 300 కోట్ల అక్షరాల పుస్తకం అవుతుంది. దాన్ని చదవడానికి 1990లో హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు మొదలుపెడితే, పూర్తయిందని ప్రకటించింది 2003లో. ఇప్పుడు అదే పనికి మెషీన్లున్నాయి, అక్షరాలు కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. చదివేవాళ్లే తక్కువ.

కరోనా వైరస్‌నే తీసుకోండి. దాని జీనోమ్ సుమారు 30 వేల అక్షరాలు. 2020 జనవరిలో ఆ అక్షరాలు అందరికీ అందుబాటులోకి రాగానే టెస్టులు, టీకాల పని పరుగందుకుంది. తర్వాత డెల్టా వచ్చింది, ఒమిక్రాన్ వచ్చింది అని మనం వార్తల్లో విన్నామంటే, ఎక్కడో ఎవరో కంప్యూటర్ ముందు కూర్చుని ఏ అక్షరం మారిందో పోల్చి చూశారన్నమాట. మన హైదరాబాద్ సీసీఎంబీలో కూడా ఆ పని జరిగింది.

బయాలజీ ప్రశ్నకి కంప్యూటర్‌తో, లెక్కలతో జవాబు వెతకడమే బయోఇన్ఫర్మేటిక్స్. ఇందులో మూడు కాళ్లున్నాయి: బయాలజీ, ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్. మన చదువుల్లో ఈ మూడూ ఒక్కచోట దొరకవు. ఇంటర్‌లో బైపీసీ తీసుకుంటే మ్యాథ్స్ పోతుంది, ఎంపీసీ తీసుకుంటే బయాలజీ పోతుంది. అడ్మిషన్ పేజీలో వచ్చే తలనొప్పులన్నిటికీ మూలం ఇదే.

ముందు పేరు సరిగ్గా చదవండి

సర్టిఫికెట్ అన్న మాటకి మన దగ్గర విలువ తక్కువ. అమీర్‌పేటలో నెల రోజుల కోర్సుకీ సర్టిఫికెట్టే, ఆన్‌లైన్‌లో నాలుగు వీడియోలు చూసినా సర్టిఫికెట్టే. గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అలాంటిది కాదు. ఇది మాస్టర్స్ స్థాయి చదువు. మాస్టర్స్ విద్యార్థులు కూర్చునే క్లాసులే, రాసే అసైన్‌మెంట్లే. కాకపోతే తక్కువ సబ్జెక్టులు. మాస్టర్స్‌కి సాధారణంగా 30 నుంచి 36 క్రెడిట్లు ఉంటే, దీనికి ఎక్కువ చోట్ల 12 నుంచి 18. అంటే నాలుగు నుంచి ఆరు సబ్జెక్టులు.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. అమెరికాలో గ్రాడ్యుయేట్ అంటే డిగ్రీ తర్వాతి చదువు, మన భాషలో పీజీ. కాబట్టి గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్‌కి డిగ్రీ పూర్తయి ఉండాలి. అండర్‌గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ అని ఉంటే అది వేరు. పోస్ట్ మాస్టర్స్ సర్టిఫికెట్ అని ఉంటే దానికి పీజీ కూడా అయిపోయి ఉండాలి. మూడు పేర్లూ ఒకే పేజీలో పక్కపక్కనే కనిపిస్తుంటాయి. ఫోన్‌లో స్క్రోల్ చేస్తూ ఒక పదం మిస్సయితే మొత్తం మారిపోతుంది.

మూడేళ్ల డిగ్రీయా, నాలుగేళ్ల డిగ్రీయా?

"బ్యాచిలర్ డిగ్రీ లేదా దానికి సమానమైనది." మొదటి షరతు ఇదే. బీటెక్, బీఫార్మసీ, అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్లకి నాలుగేళ్లు కాబట్టి ఇబ్బంది లేదు. మూడేళ్ల బీఎస్సీ వాళ్లకే చిక్కు. అమెరికాలో డిగ్రీ అంటే నాలుగేళ్లు. కొన్ని యూనివర్సిటీలు మన మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు, కొన్ని మీ కాలేజీ గుర్తింపు, మార్కులు చూసి నిర్ణయిస్తాయి. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీ కూడా ఉంటే దాదాపుగా ఈ ప్రశ్నే రాదు.

ఈ విషయంలో ఫ్రెండ్ మాట, యూట్యూబ్ మాట నమ్మకండి. ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అంతర్జాతీయ విద్యార్థుల పేజీ వేరేగా ఉంటుంది. అందులో ఇండియా అని వెతకండి. అక్కడ లేకపోతే ఒక ఈమెయిల్ పెట్టండి. జవాబు రాతపూర్వకంగా వస్తుంది, రేపు ఎవరైనా కాదన్నా చూపించుకోవచ్చు.

కొన్ని చోట్ల క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ అడుగుతారు. మీ మార్కుల్ని అమెరికా పద్ధతిలోకి మార్చి ఇచ్చే సంస్థలున్నాయి, డబ్ల్యూఈఎస్ అలాంటిదే. దానికోసం మీ యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు కావాలి. ఇవి సెమిస్టర్ మెమోల జిరాక్సులు కావు, కన్సాలిడేటెడ్ మెమో కూడా కాదు. యూనివర్సిటీ పరీక్షల విభాగం నుంచి అధికారికంగా వచ్చే పత్రాలు. వీటికి అప్లై చేసి, ఫీజు కట్టి, ఎదురుచూడాలి. డెడ్‌లైన్ ఇంకో పది రోజులుందనగా మొదలుపెడితే అయ్యే పని కాదు.

మార్కులు: 3.0 అంటే ఎంత?

నాలుగు స్కేల్ మీద 3.0 జీపీఏ కనీసం ఉండాలని చాలా ప్రోగ్రాములు అడుగుతాయి. ఇది చూడగానే మనవాళ్లు కాలిక్యులేటర్ తీస్తారు. నాలుగులో మూడంటే 75 శాతం, నాకు 68 శాతమే వచ్చింది, కాబట్టి నాకు రాదు అని తేల్చేసుకుంటారు.

అలా కాదు. మన దగ్గర 60 దాటితే ఫస్ట్ క్లాస్. అమెరికాలో 60 అంటే పాస్ కావడమే గొప్ప. రెండు చోట్లా మార్కులు వేసే చెయ్యే వేరు. అందుకే శాతాన్ని నేరుగా 25తో భాగించి జీపీఏ తీయరు, సబ్జెక్టు సబ్జెక్టుకీ గ్రేడ్ మార్చి లెక్కిస్తారు. 68 శాతం ఉన్నవాళ్లకి కూడా 3.0 దాటే అవకాశం ఉంది. మీ అంతట మీరే కొట్టేసుకోకండి.

బ్యాక్‌లాగ్స్ సంగతి? ట్రాన్‌స్క్రిప్టులో కనిపిస్తే కనిపించనివ్వండి. దాచడానికి ప్రయత్నించడం కంటే, కారణం ఉంటే ఒక్క వాక్యంలో చెప్పడం నయం. ఒకటో రెండో బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లకి కూడా, తర్వాతి సెమిస్టర్లలో మార్కులు పెరిగి ఉంటే అవకాశం ఉంటుంది.

అసలు పరీక్ష ఇక్కడే: ప్రీరిక్విజిట్స్

ఇదే అడ్మిషన్ పేజీలో అందరూ దాటేసే లైను. "మాలిక్యులర్ బయాలజీ, స్టాటిస్టిక్స్, ఏదో ఒక ప్రోగ్రామింగ్ భాషలో పరిచయం ఉండాలి." ప్రోగ్రాముని బట్టి కెమిస్ట్రీ, జెనెటిక్స్, కాలిక్యులస్ కూడా కలుస్తాయి. అంటే మొదటి రోజు క్లాసుకి రావడానికి ముందే మీకు ఇవి వచ్చి ఉండాలన్నమాట. అక్కడ అఆలు నేర్పించరు.

ఎందుకు అంత పట్టుబడతారో రెండు ఉదాహరణలు చెప్తా.

బయాలజీ నుంచి వచ్చేవాళ్లకి స్టాటిస్టిక్స్ ఎందుకు? మనిషిలో ప్రొటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20 వేలు. క్యాన్సర్ కణంలోనూ మామూలు కణంలోనూ ఒక్కో జీన్ ఎంత పనిచేస్తుందో పోల్చారనుకోండి. పీ వాల్యూ 0.05 కంటే తక్కువుంటే తేడా ఉన్నట్టు అని కాలేజీలో నేర్చుకున్నాం కదా? అదే గీత ఇక్కడ గీస్తే, నిజంగా ఏ తేడా లేకపోయినా కేవలం యాదృచ్ఛికంగా 1,000 జీన్లు తేడా ఉన్నట్టు కనిపిస్తాయి. 20 వేలలో 5 శాతం అంటే అంతే మరి! ఆ వెయ్యి జీన్లని పట్టుకుని మందు కనిపెడదామని బయల్దేరితే ఎన్నేళ్లు, ఎన్ని కోట్లు వృథా! ఈ పొరపాటుని సరిదిద్దే పద్ధతులున్నాయి, అవే అక్కడ నేర్పిస్తారు. అవి అర్థం కావాలంటే పునాది మీ దగ్గరుండాలి.

కంప్యూటర్స్ నుంచి వచ్చేవాళ్లకి బయాలజీ ఎందుకు? డీఎన్‌ఏలో ఎటిజి అనే మూడక్షరాలు వస్తే సాధారణంగా ప్రొటీన్ తయారీ అక్కడ మొదలవుతుంది. సీఎస్‌ఈ కుర్రాడికి ఇది చెప్తే అరగంటలో ఎటిజిలన్నీ వెతికే కోడ్ రాసేస్తాడు. కోడ్ బ్రహ్మాండంగా నడుస్తుంది. జవాబు మాత్రం తప్పు. ఎందుకంటే ప్రతి ఎటిజి దగ్గరా జీన్ మొదలవదు. పైగా డీఎన్‌ఏకి రెండు పోగులు, రెండో పోగుని వెనక నుంచి చదవాలి. ఒక్కో పోగులోనూ మూడు రకాలుగా చదవొచ్చు, మొత్తం ఆరు. కోడ్‌లో తప్పుంటే కంప్యూటర్ ఎర్రగా చూపిస్తుంది. బయాలజీలో తప్పుంటే ఏమీ చూపించదు, నవ్వుతూ తప్పు జవాబు ఇస్తుంది.

మరి ఈ సబ్జెక్టులు డిగ్రీలో లేకపోతే? మూడు దారులున్నాయి. కొన్ని ప్రోగ్రాములు షరతుతో సీటిస్తాయి, ముందు ఫలానా సబ్జెక్టు చదివి రమ్మంటాయి. కొన్ని ఆన్‌లైన్ కోర్సుల్ని ఒప్పుకుంటాయి. కొన్ని మాత్రం గుర్తింపు ఉన్న కాలేజీలో మార్కులతో సహా చదివితేనే ఒప్పుకుంటాయి. మీరు అప్లై చేసేది ఈ మూడింట్లో ఏ రకమో ముందే కనుక్కోండి. ఆన్‌లైన్ కోర్సుకి డబ్బు కట్టాక కనుక్కుంటే లాభం లేదు.

బీఫార్మసీ వాళ్లకి ఒక మంచి మాట. మీకు బయోకెమిస్ట్రీ, బయోస్టాటిస్టిక్స్ సిలబస్‌లోనే ఉంటాయి. ప్రోగ్రామింగ్ ఒక్కటి కూడగట్టుకుంటే చాలు. సబ్జెక్టు పేరు వేరుగా ఉంటే సిలబస్ కాపీ జత చేయండి. పేరు చూసి కాదు, లోపల ఏముందో చూసి నిర్ణయిస్తారు.

ఇంగ్లిష్, జీఆర్‌ఈ

సర్టిఫికెట్ ప్రోగ్రాముల్లో చాలావాటికి జీఆర్‌ఈ అక్కర్లేదు. ఇది నిజమే. కానీ ఇంగ్లిష్ స్కోరు తప్పదు. ఐఈఎల్‌టీఎస్‌లో 6.5 చాలాచోట్ల కనిపించే కనీస స్కోరు. టోఫెల్, కొన్నిచోట్ల డుయోలింగో కూడా తీసుకుంటారు. "మా డిగ్రీ ఇంగ్లిష్ మీడియంలోనే" అని కాలేజీ లెటర్ ఇస్తే మినహాయింపు ఇచ్చేవాళ్లు ఉన్నారు, ఇవ్వనివాళ్లూ ఉన్నారు.

ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. "ఎలాగూ రాయాలి కదా" అని డిగ్రీ రెండో ఏడాదిలోనే రాసేసినవాళ్లు, అప్లై చేసేనాటికి గడువు అయిపోయి మళ్లీ డబ్బు కట్టడం చూశాను. ముందు ప్రోగ్రాము ఎంచుకోండి, తర్వాత పరీక్ష రాయండి.

వేపాకు ప్రాజెక్టూ పనికొస్తుంది!

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. మనవాళ్లు ముద్దుగా పిలుచుకునే ఎస్‌వోపీ. "చిన్నప్పటి నుంచీ నాకు సైన్స్ అంటే ప్రాణం" అని మొదలుపెట్టే ఎస్‌వోపీలు నేను చదివినవాటిలో సగానికి పైనే. ఏ కన్సల్టెన్సీ ఫైలు తెరిచినా అదే ప్రాణం, అదే చిన్నతనం. కమిటీలో కూర్చున్నవాళ్లకి అది కంఠతా వచ్చేసి ఉంటుంది.

వాళ్లు నిజంగా వెతికేది మూడు విషయాలు. మీకు ఇప్పటికే ఏం వచ్చు? ఏం రాదు? ఆ రానిదాన్ని ఈ నాలుగైదు సబ్జెక్టులు ఎలా పూడుస్తాయి?

మా జూనియర్ ఒకమ్మాయి దిగులుగా వచ్చింది. "అక్కా, నా ప్రాజెక్టు వేపాకు రసం బ్యాక్టీరియాని ఎలా ఆపుతుందన్నది. అందరూ చేసేదే. ఏం రాయను?" నేను అడిగాను, కొలతలు తీశావా అని. తీసింది. ఒక్కో రసానికి మూడేసి ప్లేట్లు, ఒక్కో ప్లేటులో బ్యాక్టీరియా పెరగని వలయం ఎన్ని మిల్లీమీటర్లో రికార్డు పుస్తకంలో ఉంది. ఆ అంకెల్నే ఆర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, గ్రాఫ్ గీసి, తేడా నిజమైనదా కాదా అని చూడమన్నాను. వారం పట్టింది. మూడు ప్లేట్లు సరిపోవని తనకే అర్థమైంది! ఆ సంగతే ఎస్‌వోపీలో రాసింది: "నా దగ్గర డేటా ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియక ఆగిపోయాను, అది నేర్చుకోవడానికే వస్తున్నాను." ఇంతకంటే నిజాయితీ గల ఎస్‌వోపీ నేను చూడలేదు.

ఇక రికమెండేషన్ లెటర్లు. "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతా" అనే సార్లు మనకి కొత్త కాదు. కానీ ఇప్పుడు చాలా యూనివర్సిటీలు లింకుని నేరుగా లెక్చరర్ ఈమెయిల్‌కి పంపుతాయి. కాలేజీ ఈమెయిల్ ఉంటే మంచిది. మీ సార్ పేరు మీద మీరే కొత్త మెయిల్ ఐడీ తెరిచి మీరే లెటర్ అప్‌లోడ్ చేయడం ఫోర్జరీ కిందికి వస్తుంది. బయటపడితే సీటు పోతుంది. దానికి బదులు సార్ దగ్గరికి వెళ్లి, మీరు చేసిన ప్రాజెక్టు, మార్కులు, మీ ఎస్‌వోపీ ఒక్క కాగితం మీద పెట్టి ఇవ్వండి. పని తేలికైతే సారే రాస్తారు.

అరెకరం ఆగిన కథ

ఇప్పుడు అసలు ముఖ్యమైన సంగతి. మా బాబాయిది గుంటూరు వైపు పల్లెటూరు, మిర్చి వేస్తాడు. ఆయన కూతురు బయోటెక్నాలజీలో బీఎస్సీ చేసింది. ఒక కన్సల్టెన్సీవాళ్లు వీళ్లకి ఓ లెక్క చెప్పారు. మాస్టర్స్ అయితే రెండేళ్లు, ఖర్చెక్కువ. సర్టిఫికెట్ అయితే ఏడాదిలో అయిపోతుంది, ఖర్చు సగం. ఆ తర్వాత మూడేళ్లు అక్కడే ఉద్యోగం చేసుకోవచ్చు. బాబాయికి లెక్క నచ్చింది. అరెకరం బేరం పెట్టాడు.

చెల్లి ఆ ప్రోగ్రాము లింకు నాకు పంపింది. అడ్మిషన్ షరతులన్నీ తనకి సరిపోయాయి. డిగ్రీ ఓకే, మార్కులు ఓకే. కింద వేరే పేజీలో ఒక లైనుంది: ఈ ప్రోగ్రాము పూర్తిగా ఆన్‌లైన్, దీనికి ఐ-20 ఇవ్వబడదు. ఐ-20 లేకపోతే స్టూడెంట్ వీసాయే లేదు. అంటే సీటు వస్తుంది, మనిషి మాత్రం వెళ్లలేదు!

దీని గురించి ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సినవి నాలుగున్నాయి.

ఒకటి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్ టైమ్ చదవాలి. గ్రాడ్యుయేట్ స్థాయిలో అంటే ఎక్కువ యూనివర్సిటీల్లో సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు. సర్టిఫికెట్ ప్రోగ్రాములు చాలావరకు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు చదివేవాళ్ల కోసం పెట్టినవి, సెమిస్టర్‌కి ఒకటో రెండో సబ్జెక్టులు. పైగా ఎఫ్-1 వాళ్లకి ఫుల్ టైమ్ లెక్కలోకి సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ క్లాసునే తీసుకుంటారు.

రెండు. చదువయ్యాక ఉద్యోగం చేసుకునే ఓపీటీలో, స్టెమ్ వాళ్లకి దొరికే 24 నెలల పొడిగింపు బ్యాచిలర్స్, మాస్టర్స్, డాక్టరేట్ డిగ్రీలకే. బయోఇన్ఫర్మేటిక్స్ స్టెమ్ జాబితాలో ఉంది, నిజమే. కానీ సర్టిఫికెట్ డిగ్రీ కాదు. "మూడేళ్లు పని చేసుకోవచ్చు" అన్న మాట అక్కడే కూలిపోయింది.

మూడు. హెచ్-1బీ లాటరీలో అమెరికా మాస్టర్స్ వాళ్లకి విడిగా 20 వేల కోటా ఉంది. సర్టిఫికెట్‌తో అందులోకి రారు.

నాలుగు. సర్టిఫికెట్ పూర్తిచేస్తే అదే యూనివర్సిటీలో మాస్టర్స్ సీటు ఖాయం అనుకోవద్దు. చాలాచోట్ల ఆ క్రెడిట్లని మాస్టర్స్‌లో కలుపుతారు, అది మంచి విషయం. కానీ మాస్టర్స్‌కి మళ్లీ అప్లై చేయాలి, వాళ్లు మళ్లీ చూస్తారు.

ఇవన్నీ చెప్పాక బాబాయి బేరం ఆపేశాడు. చెల్లి నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఫ్రెండ్స్ అందరూ వెళ్తుంటే తనొక్కతే ఆగిపోయినట్టు అనిపించింది, అది నాకు తెలుసు. తర్వాత తనే ఫోన్ చేసి అడిగింది, "సరే అక్కా, ఇప్పుడు పైథాన్ ఎక్కణ్నించి మొదలుపెట్టను?" అని. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక క్లినికల్ డేటా ఉద్యోగం చేస్తూ, ఇక్కడి పీజీ ఎంట్రన్స్‌కి చదువుతోంది. సీటు వస్తుందో రాదో ఇంకా చూడాలి. పొలంలో మాత్రం ఈ ఏడు కూడా మిర్చి వేశారు.

మరి ఇది ఎవరికి?

సర్టిఫికెట్ పనికిరాదని నేననడం లేదు. సరైన మనిషికి ఇది చాలా మంచి కోర్సు. ఇప్పటికే ఫార్మా కంపెనీలోనో, ల్యాబ్‌లోనో, సాఫ్ట్‌వేర్‌లోనో ఉండి, మారడానికి నాలుగు సబ్జెక్టులు చాలనుకునేవాళ్లకి. ఇంకో వీసా మీద ఇప్పటికే అమెరికాలో ఉండి, అక్కడ చదువుకునే వీలున్నవాళ్లకి. మాస్టర్స్ చేయాలో వద్దో తేల్చుకోవడానికి ముందు ఒక అడుగు వేసి చూడాలనుకునేవాళ్లకి. ఇక్కడే కూర్చుని ఆన్‌లైన్‌లో చేస్తే వీసా గొడవే లేదు. అయితే క్లాసులు అక్కడి సాయంత్రం, మనకి తెల్లవారుజాము. ఫీజు డాలర్లలో. ఉదాహరణకి క్రెడిట్‌కి 900 డాలర్లు, మొత్తం 15 క్రెడిట్లు అనుకుందాం. 13,500 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 12 లక్షల 15 వేలు. ఆ లెక్క మీ ప్రోగ్రాము అంకెలతో మీరే వేసుకోండి, ఇతర ఫీజులు మర్చిపోకుండా.

డిగ్రీ కావాలనుకుంటే, ఇక్కడి దారులు కూడా చూడండి. బయోటెక్నాలజీ విభాగం మద్దతుతో నడిచే పీజీ కోర్సులకి గాట్-బి ఉంది. గేట్‌లో బయోటెక్నాలజీ, లైఫ్ సైన్సెస్ పేపర్లున్నాయి. మన హైదరాబాద్‌లోనే ట్రిపుల్ఐటీలో ఈ రంగంలో పరిశోధన జరుగుతోంది. ఇంకో మాట. గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్ ఎమ్మెస్సీకి బదులు కాదు. రేపు ఇక్కడ లెక్చరర్ ఉద్యోగానికి పీజీ అడిగితే దీన్ని చూపించలేరు.

ఈ ఆదివారం చేయాల్సిన పని

ముందు ఒక్క ప్రోగ్రాము ఎంచుకుని దాని కోఆర్డినేటర్‌కి మెయిల్ పెట్టండి. ఐదే ప్రశ్నలు. నా డిగ్రీని ఒప్పుకుంటారా? నాకు ఏ ప్రీరిక్విజిట్ తక్కువైంది? దాన్ని ఆన్‌లైన్ కోర్సుతో పూడ్చుకోవచ్చా? దీనికి ఐ-20 ఇస్తారా? ఈ క్రెడిట్లు మాస్టర్స్‌లో కలుస్తాయా? జవాబు రావడానికి కొన్ని రోజులు పట్టొచ్చు. వచ్చేదాకా ఎవరికీ రూపాయి కట్టొద్దు.

ఆ లోపు రోసలిండ్ అనే వెబ్‌సైట్ తెరవండి. ఉచితం. డీఎన్‌ఏ రహస్యం విప్పడంలో పెద్ద చెయ్యి ఉన్న శాస్త్రవేత్త రోసలిండ్ ఫ్రాంక్లిన్ పేరు దానికి పెట్టారు. అందులో మొదటి లెక్క చాలా చిన్నది. ఒక డీఎన్‌ఏ వరుస ఇస్తారు, అందులో ఎ, సి, జి, టిలు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాము రాయాలి. ల్యాప్‌టాప్ లేకపోయినా ఫోన్ బ్రౌజర్‌లో గూగుల్ కొలాబ్ తెరిచి పైథాన్ రాయొచ్చు. కాస్త ఇబ్బందే, కానీ అవుతుంది. కోడ్ అక్కర్లేకుండా అసలు జీనోమ్ డేటాతో ఆడుకోవాలంటే గెలాక్సీ అనే ఉచిత వేదిక ఉంది. బయాలజీ, స్టాటిస్టిక్స్ పాఠాలకి ఎన్‌పీటెల్ ఉండనే ఉంది. పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు.

ఆ మొదటి లెక్క చేస్తుండగా మీకు విసుగొచ్చిందనుకోండి, ఏం ఫర్వాలేదు, లక్షలు ఖర్చు కాకముందే తెలిసింది. అలా కాకుండా రెండోది, మూడోది చేస్తూ రాత్రి ఒంటిగంట అయిందనుకోండి, అమ్మ వచ్చి "ఇంకా ఫోనేనా?" అని తిట్టిందనుకోండి... అడ్మిషన్ పేజీ మళ్లీ ఒకసారి తెరవండి. ఈసారి చివరి లైను దాకా చదవండి.